ప్రకృతి వ్యవసాయం చేసే పొలంలో ఇక్రిశాట్ సంతతి వేరుశనగ వేయవచ్చునా?

పాకాల మెట్ట రైతు (ప్రశ్న):

పెద్దలకు, తోటి రైతులకు నమస్కారం. పాకాల దగ్గరి పల్లెలో మాకు నాలుగున్నర ఎకరాల ఎర్రనేల ఉంది. అందులో మూడెకరాలు పూర్తిగా వర్షాధారం. ఏటా అక్కడ వేరుశనగ వేసి, మధ్యమధ్య సాళ్ళలో కంది, గట్ల వెంబడి అలసంద, అనప వేసుకుంటాము. మిగిలిన ఎకరన్నరలో రాగి, ఇంటికి కావలసిన కూరగాయలు, రెండు పాడి ఆవులకు పచ్చిమేత పండిస్తున్నాము. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి ఐదేళ్ళయింది. ఏరువాకకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం, ఆవు పేడ, మూత్రాలతో చేసిన బీజామృతం విత్తనానికి పట్టించడం, అటువంటిదే అయిన జీవామృతం పైరుకు పోయడం, కోత తరువాత మిగిలిన చెత్తను పొలంలోనే పరచడం మాకు అలవాటైపోయాయి. యూరియా సంచి మా గడప తొక్కి ఐదేళ్ళు దాటింది.

ఈ వేసవిలో పరిశోధనా స్థానం నుంచి ఒక శాస్త్రవేత్త మా ఊరికి వచ్చి, చిరుసంచుల (మినీకిట్) ప్రయోగానికి, అంటే కొత్త రకాలను రైతు పొలంలో వేసి చూడటానికి, ఇరవై సెంట్ల నేల ఇవ్వగలరా అని నన్ను అడిగారు. నాలుగు వేరుశనగ రకాలు ఇస్తామని, వాటిలో రెండింటికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ నుంచి వచ్చిన వంగడాలే తల్లిదండ్రులని చెప్పారు. ఆ మాట మా రైతు సంఘంలో చెప్పగానే పెద్ద చర్చ జరిగింది. విదేశీ నిధులతో నడిచే సంస్థల విత్తనం వెనుకే ఎరువు వస్తుందని, ఎరువు వెనుకే మందు వస్తుందని, మన నేలలో మన విత్తనమే ఉండాలని సంఘంలోని చాలామంది అన్నారు. వారి మాటను తేలికగా తీసిపారేయలేను. ఆరేళ్ళ కిందట ఒక కంపెనీ ప్రతినిధి మాట నమ్మి ఎకరం టమోటా వేసి, అతను చెప్పిన మందులన్నీ కొట్టి, చివరకు ఆకుముడత వచ్చి కాయ కూడా చూడకుండా పైరు దున్నేసినవాణ్ణి నేను. రసాయనాలు మానుకోవడానికి ఆ నష్టమే కారణం.

అయితే మరో సంగతి కూడా నన్ను నిలవనీయడం లేదు. మా నాన్నగారు తన జీవితమంతా టీఎంవీ 2 అనే వేరుశనగ రకమే వేశారు. ఆ విత్తనాన్నే ఇంట్లో దాచుకొని నేనూ వేస్తున్నాను. నిరుడు ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే దశలో దాదాపు నలభై రోజులు చినుకు పడలేదు. నేల మీద చెత్త పరచినచోట పైరు కొంత తేరుకొంది గాని, తరువాత వానలు పడేసరికి తిక్క ఆకుమచ్చ తెగులు వచ్చి ఆకంతా రాలిపోయింది. కాయ పీకితే సగం లొట్టలే, ఆవులకు వేయడానికి కట్టె (కాయ కోశాక మిగిలే చెట్టు) కూడా మిగలలేదు. జీవామృతం, పుల్లటి మజ్జిగ చేయగలిగినంత చేశాయి. విత్తనంలో లేని శక్తిని అవి తెచ్చి పెట్టలేవేమోనని అప్పటి నుంచి అనిపిస్తోంది.

అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన మనవంటి మెట్ట రైతులకు, అందులోనూ రసాయనాలు వాడనివారికి, నిజంగా ఏమైనా చేసిందా? చేస్తే ఏమిటది? ఈ విత్తనం ఒకసారి వేస్తే మళ్ళీ మళ్ళీ వారి దగ్గరే కొనవలసి వస్తుందా? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

తిరుపతి, విశ్రాంత శాస్త్రవేత్త:

అయ్యా, నేను తిరుపతి వ్యవసాయ కళాశాలలో చదువుకొని, ఉద్యోగ జీవితమంతా రాయలసీమ మెట్ట పంటల మీదే పనిచేశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికతో చదవండి.

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ దిగులు తీరుస్తాను. వేరుశనగ తన పువ్వులోనే తాను పరపరాగం లేకుండా ఫలించే పంట. చిరుసంచుల్లో మీకిచ్చేవి హైబ్రిడ్లు కావు, స్థిరపడిన రకాలు. ఈ ఏడాది కాయ వచ్చే ఏడాదికి విత్తనమవుతుంది, గుణం మారదు. మన దేశంలో 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, పక్క రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వ్యాపార ముద్ర వేసి అమ్మడం ఒక్కటే కూడదు. ఇక ఇక్రిశాట్ జన్యు నిధి (విత్తన నమూనాలను దాచే చోటు) నుంచి విత్తన నమూనా తీసుకొన్నవారెవరైనా, ఆ నమూనాను ఇతరులకు అందకుండా చేసే హక్కులు దాని మీద పొందబోమని ఒప్పుకొని సంతకం చేయాలి. మీకు టమోటా విత్తనం అమ్మిన మనిషిని, మీ గట్టు మీదికి వచ్చిన ఈ శాస్త్రవేత్తను ఒకే గాటన కట్టకండి. అతని జీతం మీరు కొనే సంచుల సంఖ్య మీద ఆధారపడి లేదు.

ఇక 'మన విత్తనం' అన్న మాట. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మీ నాన్నగారు వేసిన టీఎంవీ 2 తిండివనం పరిశోధనా స్థానం 1940లో విడుదల చేసిన రకం. దాన్ని గుడియాత్తం గుత్తి అనే నాటు రకం నుంచి ఏరి తీశారు. గుడియాత్తం అంటే చిత్తూరు దాటితే వచ్చే ఊరే కాబట్టి, ఆ విత్తనాన్ని మనదనుకోవడంలో న్యాయం ఉంది. కానీ దాని తరువాత మన రైతులు అంతే ఇష్టంగా వేసిన జేఎల్ 24 సంగతి చూడండి. అది విదేశం నుంచి తెప్పించిన ఒక విత్తన నమూనా నుంచి జల్‌గావ్‌లో ఎంపిక చేసిన రకం. అన్నం సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. తిరుపతిలో రోజూ వండుకొనే సాంబ మసూరి బాపట్లలో పుట్టింది గాని, 'మసూరి' అన్న పేరు మలేసియాది. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆసరాతో కటక్‌లో వరి సంకరణ కార్యక్రమం నడిచింది. అక్కడి సంతతి మలేసియా వెళ్ళి, మసూరిగా విడుదలై, తిరిగి మన దేశానికి వచ్చింది. సాంబ మసూరిలో దానితోపాటు తైవాన్ పొట్టి వరి, కోయంబత్తూరు జీఈబీ 24 కూడా ఉన్నాయి. మనం కలుపుకొని తినే ముద్దలో మూడు దేశాల రైతుల ఎంపిక ఉంది.

ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో మొదలైంది. దానికి ముందు ఏడాది, 1971లో, ఇటువంటి పరిశోధనా కేంద్రాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన సీజీఐఏఆర్ ఏర్పడింది. నీటి వసతి ఉన్న వరి, గోధుమ భూములను ఫిలిప్పీన్స్‌లోని ఇర్రి, మెక్సికోలోని సిమ్మిట్ అనే పరిశోధనా కేంద్రాలు చూసుకొంటున్నాయి, వాన మీద ఆధారపడిన వేడి ప్రాంతాల పేద రైతును ఎవరు చూడాలన్న ప్రశ్నకు జవాబుగా పుట్టిన సంస్థ ఇక్రిశాట్. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దానికి అప్పగించిన పంటలు. అక్కడి జన్యు నిధిలో 144 దేశాల నుంచి చేర్చిన 1,20,000కు పైగా నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి.

మీ పొలంలో ఆకు రాల్చిన తిక్క తెగులు గురించి చెప్పాలంటే బొలీవియా దాకా వెళ్ళాలి. అరాకిస్ కార్డినాసీ అని అక్కడ పెరిగే ఒక అడవి వేరుశనగ ఉంది. దాని కాయ తినడానికి పనికిరాదు గాని, తిక్క తెగులునూ తుప్పు తెగులునూ అది గట్టిగా తట్టుకొంటుంది. చిక్కు ఎక్కడంటే, సాగు వేరుశనగలో 40 క్రోమోజోములుంటే ఈ అడవి మొక్కలో 20 మాత్రమే ఉంటాయి. రెంటినీ కలిపితే పుట్టిన మొక్క గొడ్డుపోతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా శాస్త్రవేత్తలు ఆ గొడ్డు మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేసి, ఏళ్ళ తరబడి తరాలు మళ్ళించి, కాయలు కాసే సంతతిని సాధించి, ఆ విత్తనాన్ని ఎవరు అడిగితే వారికి పంచారు. అది పటాన్‌చెరు చేరింది. పటాన్‌చెరులోని అటువంటి ఒక సంతతిని కర్ణాటకలోని ధార్వాడ్ వారు తమ రకంతో కలిపి జీపీబీడీ 4 అనే వంగడాన్ని తయారుచేశారు. ఆ పొలంలోకి సెప్టెంబరులో వెళ్ళి నిలబడితే, పక్క చేను కాల్చినట్టు నల్లబడి ఉన్నా ఇది మోకాలి కింద పచ్చగా కనిపించేది. 2021లో శాస్త్రవేత్తలు జన్యువుల జాడ పట్టి చూసినప్పుడు, ఆ ఒక్క బొలీవియా మొక్క వారసత్వం ఎన్నో దేశాల వేరుశనగ రకాల్లో బయటపడింది. తెగులుమందు కొట్టే రైతుకు ఈ గుణం వల్ల మందు ఖర్చు తగ్గుతుంది. మందే కొట్టని మీవంటివారికి విత్తనంలోని ఆ ఓర్పే మందు. అందువల్ల తెగులును తట్టుకొనే వంగడాల అవసరం ప్రకృతి వ్యవసాయం చేసేవారికే ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

విత్తనమే కాదు, తెలివిడి కూడా ఆ పరిశోధన ఇచ్చిన ఫలమే. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో ఏం జరిగిందో ఈ తరం వారికి తెలియకపోవచ్చు. మొవ్వు మాడి, కాండం మీద నల్లని చారలు పడి, నెల పైరు చూస్తుండగానే కూలిపోయింది. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు కనిపించింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అంతా ముందు నుంచి తెలిసిన మొవ్వుకుళ్ళు వైరస్ అనుకొని పురుగుమందులు కొట్టారు. నేను ఆ పొలాల్లో తిరిగాను. కొట్టినవారి చేనూ కొట్టనివారి చేనూ ఒకేలా ఎండిపోవడం కళ్ళారా చూశాను. ఇక్రిశాట్ వైరస్ శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించి, ఇది పొగాకు చారల వైరస్ అని తేల్చారు. గట్ల మీద, బాటల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్కలో ఆ వైరస్ ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకొని వేరుశనగ మీద పడుతుంది. ఆ పురుగులు ఆకును గీరిన గాయాల గుండా వైరస్ లోపలికి పోతుంది. ఈ దారి తెలిశాక చేయవలసిన పని కూడా తేటపడింది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి, చేను చుట్టూ నాలుగైదు సాళ్ళు జొన్ననో సజ్జనో వేసి గాలికి వచ్చే పుప్పొడికి అడ్డు కట్టాలి. ఈ పనులకు రసాయనం అక్కర్లేదు. తెగులు ఎలా వస్తుందో తెలియక అంతకుముందు పిచికారీ చేసిన మందంతా వృథా అయిపోయింది.

అందుచేత ఆ ఇరవై సెంట్లు ఇవ్వండి. ఒక్క మాట మాత్రం పట్టుబట్టి అడగండి. పరిశోధనా స్థానాల్లో రకాలను సాధారణంగా సిఫారసు చేసిన ఎరువులు వేసే పరీక్షిస్తారు. మీ పొలంలో మీ పద్ధతిలోనే పెరగాలని చెప్పండి.

కుప్పం, ప్రకృతి వ్యవసాయ కార్యకర్త:

పాకాల అన్నగారికి, పెద్దాయనగారికి నమస్కారం. నేను కుప్పం ప్రాంతంలో మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను. పెద్దాయనగారు చెప్పిన విషయాలతో నాకు పేచీ లేదు. చెప్పకుండా వదిలినవి కొన్ని ఉన్నాయి, వాటిని రాస్తున్నాను.

మొదట ఒప్పుకోవలసినది ఒప్పుకొంటాను. మా వైపు పాతతరం వాళ్ళు రాగుల్లో ఇండాఫ్ అనే పేరును ఇంటి మనిషి పేరులా పలుకుతారు. ఇండియా, ఆఫ్రికా కలిసి ఇండాఫ్ అయింది. మండ్యలో రాగి లక్ష్మణయ్య అని పేరు తెచ్చుకొన్న శాస్త్రవేత్త మన రాగిని ఆఫ్రికా రాగితో కలిపి ఆ రకాలను తీశారు. అగ్గితెగులును తట్టుకొనే జీపీయూ 28 కూడా ఇండాఫ్ సంతతిదే. అసలు రాగి పంటే వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా కొండల నుంచి మన దగ్గరికి వచ్చింది. సంగటి ముద్ద ముందు కూర్చొని విదేశీ విత్తనం వద్దనడం సబబు కాదని నేనే మా సంఘాల్లో చెబుతుంటాను.

అయితే ఆ పరిశోధన ఎవరి అవసరాన్ని ముందు చూసిందని అడిగే హక్కు మనకుంది. 1966లో ఇర్రి విడుదల చేసిన ఐఆర్ 8 వరి కాలువ నీళ్ళు, ఎరువు ఉన్న డెల్టా రైతును నిలబెట్టింది. దేశానికి అన్నం పెట్టిన ఆ మేలును కాదనను. కానీ అదే కాలంలో మెట్ట చేలలో రాగి, కొర్ర, సామ, ఆరికె వెనక్కి వెళ్ళిపోయాయి. పెద్దాయనగారు చెప్పిన ఇక్రిశాట్ అయిదు పంటల మొదటి జాబితాలో రాగి లేదు. ఆ తరువాత ఎంతో కాలానికి గాని దానికి ఆ గౌరవం దక్కలేదు. చిత్తూరు జిల్లా తినే తిండికి ఆ జాబితా రాసినవారి లెక్కలో చోటు లేకపోయింది.

రెండో సంగతి కొలత. ప్రయోగం అనగానే ఎకరాకు ఎన్ని బస్తాల కాయ అనే కొలుస్తారు. మా ఆడవాళ్ళు వేరే లెక్కలు అడుగుతారు. విత్తనపు కాయను యంత్రంలో వేస్తే పప్పు చిట్లుతుందని, విత్తడానికి ముందు రోజుల్లో ఇంటి ముందు పదిమంది కూర్చొని చేత్తోనే ఒలుస్తాము. తొక్క మందంగా ఉన్న రకమైతే రెండో రోజుకే బొటనవేలి గోరు కింద పచ్చిపుండు పడుతుంది. ఊడ బలహీనంగా ఉన్న రకమైతే, చెట్టు పీకేటప్పుడు కాయ నేలలోనే తెగిపోయి, గునపంతో తవ్వి ఏరుకోవలసి వస్తుంది. కట్టె ఆవు తింటుందా, ముట్టెతో తోసేస్తుందా? కందితో కలిపి వేసినప్పుడు నీడకు తాళుతుందా? ఈ ప్రశ్నలకు విత్తన సంచి మీద అంటించే చీటీలో జవాబు ఉండదు. పరిశోధన పద్ధతి రైతు ఇంటి లోపలి పనిని చూడనంతకాలం దాని నిలకడ వ్యవసాయం సగమే అవుతుందని నేను నమ్ముతున్నాను.

మరొక వైపు నుంచి చూస్తే, మన ప్రకృతి వ్యవసాయాన్ని కూడా బయటివారు వచ్చి కొలవడం మనకే మంచిది. 2024లో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చినప్పుడు మేమంతా సంబరపడ్డాము. నాకు అంతకంటే ఎక్కువ ధైర్యమిచ్చినది ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం వారి పరీక్ష. వారు ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లో ప్రకృతి, సేంద్రియ, రసాయన పద్ధతులను పక్కపక్కన వేసి కొలిచారు. రసాయన పద్ధతితో పోలిస్తే మన పద్ధతిలో దిగుబడి పడిపోలేదని, నేల మీద పరచిన చెత్త (ఆచ్ఛాదన) కింద నేల చల్లగా ఉండి తేమ నిలిచిందని రాశారు. మనం వెయ్యిసార్లు చెప్పినా నమ్మని అధికారి ఆ కాగితం చూసి నమ్మాడు. మన పద్ధతిని వారు పరీక్షించడాన్ని ఆహ్వానించి, వారి విత్తనాన్ని మనం పరీక్షించబోమనడం ధర్మం కాదు.

అన్నా, నేల ఇవ్వండి. కానీ ఒలుపు, పీకుడు, కట్టె, ఈ మూడూ కూడా రాసుకోవాలని శాస్త్రవేత్తకు చెప్పండి. ఇంట్లో వదినగారిని ఆ పొలంలోకి పిలవకుండా రకం ఎంపిక చేయకండి.

పలమనేరు మల్బరీ రైతు:

చర్చ విత్తనం మీదే సాగుతోంది కాబట్టి, విత్తనం కాని ఒక సంగతి చెబుతాను.

2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి మొదటిసారి కనిపించింది. తరువాత రెండేళ్ళలో బొప్పాయి, కర్రపెండలం, మల్బరీ తోటలను తినేసింది. మల్బరీ కొమ్మ చివర తెల్లటి దూది అంటించినట్టు ఉండేది. చేత్తో నలిపితే జిగురు, దాని కింద ఆకు ముడుచుకొని ఉండేది. మల్బరీకి మందు కొట్టలేము, కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగు చచ్చిపోతుంది. కొట్టకపోతే ఆకే ఉండదు. ఆ రోజుల్లో మా బంధువులు హోసూరు దగ్గర తోట నరికేసుకొన్నారు.

ఆ పిండినల్లి మెక్సికో ప్రాంతపు పురుగు. అక్కడ దాన్ని అదుపులో పెట్టే ఒక చిన్న పరాన్నజీవి కందిరీగ ఉంది, గండుచీమ తలంత కూడా ఉండదు, పేరు అసిరోఫేగస్ పపాయే. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధనా సంస్థ వారు అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో దాన్ని ప్యూర్టోరికో నుంచి తెప్పించారు. ఇక్కడి మేలుచేసే పురుగులకు దానివల్ల హాని లేదని ముందుగా పరీక్షించి, తరువాత పెంచి రైతులకు పంచారు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలి నుంచే దాన్ని తినేస్తుంది. కొన్ని నెలల్లో తోటలు తేరుకొన్నాయి. రైతుకు రూపాయి ఖర్చు లేదు, ఆ కందిరీగ ఇప్పటికీ మన వైపు తిరుగుతూ తన పని తాను చేసుకొంటోంది. పురుగు ఏ దేశానిదో ఆ దేశం వారితో స్నేహం లేకపోతే దాని శత్రువు మనకు దొరకదు. నాకు తెలిసినంతలో రసాయనం లేని వ్యవసాయానికి అంతర్జాతీయ పరిశోధన చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదే.

తిరుపతి, విశ్రాంత శాస్త్రవేత్త:

కుప్పం అమ్మాయి రాసినది చదివి చాలాసేపు ఆలోచించాను. ఒలుపు గురించి నా ఉద్యోగకాలంలో ఒక్క నివేదికలోనూ నేను రాయలేదు. అది నా లోపమే, ఒప్పుకొంటున్నాను.

కట్టె విషయంలో మాత్రం కొంత పని జరిగింది. అనంతపురం జిల్లాలో రైతుల పొలాల్లోనే పరీక్షించి, 2006లో విడుదలైన ఐసీజీవీ 91114 అనే ఇక్రిశాట్ రకం ఉంది. టీఎంవీ 2 కంటే ముందే, 90 నుంచి 95 రోజుల్లో కోతకు వస్తుంది, బెట్టను బాగా తట్టుకొంటుంది. నైరోబీలో కేంద్రం ఉన్న అంతర్జాతీయ పశుపరిశోధనా సంస్థ వారు దాని కట్టెను పాడి పశువులకు మేపి చూసి, పాలు పెరిగాయని తేల్చారు. కాయను ఒక సంస్థ, కట్టెను మరొక సంస్థ చూడటం వల్లనే ఆ సంగతి తెలిసింది. మన రాగి విషయంలోనూ, తిరుపతి పక్కనే ఉన్న పెరుమాళ్ళపల్లె పరిశోధనా స్థానం నుంచి వకుళ వంటి రకాలు వచ్చాయి. బయటి నుంచి వచ్చే జన్యు సంపదను మన నేలకు మలిచేది ఇటువంటి చిన్న స్థానాలే. అవి బలహీనపడితే పటాన్‌చెరులో ఎన్ని నమూనాలు ఉన్నా అవి గదుల్లోనే ఉండిపోతాయి.

నన్ను ఈ మధ్య కలవరపెడుతున్న విషయం ఒకటుంది. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా నిలిపివేయడంతో, దాని మీద ఆధారపడిన ఎన్నో వ్యవసాయ పరిశోధనలు నడిమధ్యలో ఆగిపోయాయి. వంగడం తయారీ పది పన్నెండేళ్ళ పని, ఏడో ఏట పొలానికి నీళ్ళు ఆగితే మొదటి ఆరేళ్ళూ పోయినట్టే. విదేశీ నిధులు వద్దనే మీ సంఘం వారు ఆ ఖర్చును మన ప్రభుత్వమే భరించాలని కూడా అడగాలి. అలా అడిగితే వారి పక్కన నేనూ నిలబడతాను.

పాకాల రైతుగారికి ఒక మెళకువ చెప్పి ముగిస్తాను. మీ పొలం వాలుగా ఉంటే దిగువన తేమ ఎక్కువ నిలుస్తుంది. ఒక రకాన్ని దిగువన, మరొక రకాన్ని ఎగువన వేసి పోలిస్తే, మీరు కొలిచేది విత్తనాన్ని కాదు, వాలును. నాలుగు రకాలనూ, వాటి పక్కన మీ టీఎంవీ 2నూ ఎగువన ఒకసారి, నడుమ ఒకసారి, దిగువన ఒకసారి, వరుస మార్చి మార్చి వేయండి. సాలుకు సాలుకూ నడుమ దూరం అన్నిటికీ ఒకటే ఉండాలి. రకాలు కలిసిపోకుండా మధ్యలో ఒక సాలు ఖాళీ వదలండి. ఏ మడి ఏ రకమో పుస్తకంలో రాసుకోండి, కర్ర మీద చీటీ అంటిస్తే మొదటి వానకే చెరిగిపోతుంది.

పాకాల మెట్ట రైతు:

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మొన్న సంఘం సమావేశంలో చదివి వినిపించాను. గుడియాత్తం కథకు, మసూరి పేరుకు పెద్దవాళ్ళు ఆశ్చర్యపోయారు. ఒక పెద్దాయన మాత్రం, ఇవన్నీ నిజమే కావచ్చు గాని మన పాత విత్తనం మాయమైపోతే మళ్ళీ ఎవరు ఇస్తారని అడిగారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని ప్రయోగం ఎలా ఉన్నా, టీఎంవీ 2ను ఏటా అరెకరంలో విడిగా పండించి, విత్తనం కుండల్లో వేపాకు, బూడిద వేసి సంఘం తరఫున దాచాలని తీర్మానం చేసుకొన్నాము. దానికి ముగ్గురు రైతులు బాధ్యత తీసుకొన్నారు.

శాస్త్రవేత్తగారితో ఫోనులో మాట్లాడాను. ఎరువు వేయకుండా మా పద్ధతిలోనే పెంచడానికి ఆయన ముందు కొంచెం తటపటాయించారు. తమ లెక్కల పత్రంలో ఆ పద్ధతికి గడి లేదన్నారు. అటువంటప్పుడు ఒక గడి కొత్తగా గీయవచ్చు గదా అని నేనన్నాను. తన పైవారితో మాట్లాడి రెండు రోజుల తరువాత సరేనన్నారు. మూడు వరుసలు, అయిదు రకాలు, మొత్తం పదిహేను మడులు వేయాలని నిర్ణయించుకొన్నాము. మా పొలం ఉత్తరం నుంచి దక్షిణానికి వాలుగా ఉంది కాబట్టి పెద్దాయనగారి సలహా సరిగ్గా సరిపోయింది.

ఇంట్లో ఆమెకు కుప్పం అక్కయ్య రాసినది చూపించాను. ఆమె చదివి, తన బొటనవేలు నాకు చూపించి, ఇరవై ఏళ్ళకు ఒక్కరైనా దీని గురించి రాశారన్నది. కోత అయ్యాక ఒక్కో రకం నుంచి శేరు కాయ తానే ఒలిచి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసి చెబుతానని, ఎన్ని పప్పులు చిట్లాయో కూడా లెక్కపెడతానని అన్నది. కట్టెను ఎండబెట్టి విడివిడిగా కట్టలు కట్టి తూకం వేస్తాము. రెండు ఆవులకూ ఒకే పూట అయిదు కట్టలూ పక్కపక్కన వేసి, ఏది ముందు తింటాయో చూడాలని మా చిన్నవాడు పట్టుబడుతున్నాడు, అది కూడా పుస్తకంలో రాస్తాము.

నిన్న సాయంత్రం ముగ్గురం కలిసి పొలం చుట్టూ, బాట పక్కన ఉన్న వయ్యారిభామ పీకాము. కొన్ని అప్పుడే మొగ్గ వేశాయి. అవి చిట్లకుండా గోనెసంచిలో వేసి గుంటలో పూడ్చాము. గట్టు అవతల పోరంబోకులో ఇంకా చాలా ఉంది, అది మా ఒక్కరి వల్ల అయ్యేది కాదు కాబట్టి, వచ్చే ఆదివారం సంఘం మొత్తం రావాలని అడిగాను. చుట్టూ వేయడానికి జొన్న విత్తనం నాలుగు శేర్లు పక్క ఊరి నుంచి తెచ్చి ఉంచాను. పెద్దాయనగారిని ఒక్క సంగతి అడగాలి. జొన్నను వేరుశనగతో పాటే విత్తాలా, లేక పుప్పొడి వచ్చేనాటికి ఎత్తు పెరగడానికి వారం పది రోజులు ముందే విత్తుకోవాలా?

తిరుపతి, విశ్రాంత శాస్త్రవేత్త:

పాటే విత్తండి చాలు. జొన్న వేరుశనగ కంటే త్వరగా లేస్తుంది, నెల తిరిగేసరికి నడుము ఎత్తు వస్తుంది. ముందే విత్తాలంటే మొదటి పదును దానికే పోయి, వేరుశనగకు మళ్ళీ వాన కోసం ఎదురుచూడవలసి వస్తుంది. సాళ్ళు మాత్రం ఒత్తుగా పడేటట్టు చూడండి, గాలి వీచే పడమటి వైపు రెండు సాళ్ళు ఎక్కువ వేయండి. ఊడలు దిగే రోజుల్లో ఫోను చేయండి, వచ్చి చూస్తాను.